భారం వేసే ముందు బరువు తూచాలి

చోడవరం దగ్గరి దేవరాపల్లి నుండి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారుడు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే సెలవుల్లో తల్లిదండ్రులను అక్కడికి పిలిపించుకొని, భార్యాబిడ్డలతో కలిసి సియెర్రా నెవాడా కొండలకు తీసుకువెళ్లాలని అతని కోరిక. అందుకోసం పాతదే అయినా ఒక చిన్న ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు. పడకలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు గల చిన్న చక్రాల ఇల్లు అది. దానిని తమ మినీవ్యాన్ వెనుక తగిలించి లాగుకొని వెళతారు.

"ఫోనులో ఆ బండిని చూసినప్పటి నుండి నాకు గుబులుగా ఉంది. వ్యాన్ 1,587 కిలోలు లాగగలదట, ట్రైలర్ 900 కిలోలేనట. మీ వుజూకు ఇబ్బంది లేకుండా 100 లీటర్ల ట్యాంకు నింపి పెడతాను అమ్మీ, అల్లాహ్‌పై భారం వేసి రండి అంటున్నాడు. నేను భయపడటం విశ్వాస బలహీనత అవుతుందా?" అని ఆ సోదరి ప్రశ్న.

ప్రశ్న ఒక కుటుంబానిదే అయినా, సమాధానం మనందరికీ అవసరమైనది. బిడ్డల్ని విదేశాలకు పంపిన ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. ఇక్కడ మనం కూడా పండుగకో పెండ్లికో ఒకే బండిలో ఇంటిల్లిపాదిని, సామానును ఎక్కించుకొని బయలుదేరే వాళ్లమే. అందుచేత ఈ నెల ఈ శీర్షికను ఆ ఉత్తరానికే కేటాయిస్తున్నాము.

ముందుగా ఆ సోదరి మనసులోని ముల్లు తీయాలి. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, లేక విడిచిపెట్టి నమ్ముకోవాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టివేయమని, ఆ తరువాత నమ్ముకోమని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించినట్లు తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. తవక్కుల్ అంటే పని వదిలివేయడం కాదు, మన వంతు పని పూర్తిచేసి ఫలితాన్ని ఆయనకు అప్పగించడం. మన చేతులతో మనల్ని వినాశంలోకి నెట్టుకోరాదని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో హెచ్చరించింది. కనుక ప్రయాణానికి ముందు బండిని గురించి ఆలోచించి భయపడటం విశ్వాస లోపం కాదు. ఆ భయాన్ని లెక్కగా మార్చుకోవాలి. లెక్క సరిపోతే నిశ్చింతగా వెళ్లవచ్చు, సరిపోకపోతే బరువు తగ్గించాలి.

ఆ లెక్క ఎలా వేయాలో చెప్పడానికి దేవరాపల్లి కన్నా మంచి ఊరు లేదు. రైవాడ జలాశయం దిగువన, శారదా నది పరిసరాల్లో చెరకు పండించే రైతులకు బరువు లాగే బండి సంగతి కొత్త కాదు. ఆ సోదరి భర్త కూడా ఒకప్పుడు ఎడ్లబండిపైన, తరువాత ట్రాక్టరుపైన గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన వారేనని ఉత్తరంలో వ్రాశారు. ఆయనకు తెలిసిన విద్యే కాలిఫోర్నియాలో కుమారునికి కావలసిన విద్య.

రెండు చక్రాల ఎడ్లబండి బరువంతా ఇరుసుపై నిలుస్తుంది. సామాను వెనుకకు ఎక్కువైతే నొగ పైకి లేచి కాడి ఎడ్ల మెడను పైకి లాగుతుంది. ముందుకు ఎక్కువైతే వాటి మెడ నలిగిపోతుంది. అందుకే బండివాడు బరువును కాస్త ముందుకు మొగ్గేలా సర్దుతాడు. ట్రావెల్ ట్రైలర్‌కూ ఇదే న్యాయం. దాని నొగ వ్యాన్ వెనుక కొక్కెంపై మోపే బరువును అక్కడివారు టంగ్ వెయిట్ అంటారు, మనం నొగ బరువు అందాం. సామాను నింపిన ట్రైలర్ మొత్తం బరువులో నూటికి 10 నుండి 15 వంతులు నొగపై పడాలన్నది అక్కడ పాటించే నియమం. అంతకన్నా తక్కువైతే ట్రైలర్ వెనుక భాగం పాము తోకలా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఎక్కువైతే వ్యాన్ వెనుక భాగం కుంగి, ముందు చక్రాలపై బరువు తగ్గి, స్టీరింగ్ మాట వినదు.

ఇప్పుడు కుమారుడు చెప్పిన అంకెలను చూద్దాం. అమెరికాలో అమ్మే టయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ వంటి మినీవ్యాన్‌లు తగిన అమరికలు ఉన్నప్పుడు గరిష్ఠంగా 3,500 పౌండ్లు, అంటే సుమారు 1,587 కిలోలు లాగగలవని వాటి తయారీదారులు చెబుతారు. మాట నిజమే. కాని ఆ అంకె వెనుక లాగే బరువుకు సంబంధించినది. వ్యాన్ తన వీపుపై ఎంత మోయగలదన్నది వేరే అంకె. అది డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన పట్టీపై ఉంటుంది. మనుషులు, సామాను, నొగ బరువు మూడూ కలిపి ఆ అంకెను మించరాదు. చాలా కుటుంబాలు లాగే అంకెను చూసి తృప్తిపడి, మోసే అంకెను మరచిపోతాయి. మినీవ్యాన్‌లో సాధారణంగా ముందుగా నిండిపోయేది ఈ రెండవదే.

ఉదాహరణకు పట్టీపై 540 కిలోలు అని ఉందనుకుందాం. నలుగురు పెద్దవాళ్లు మనిషికి 70 చొప్పున 280, ఇద్దరు పిల్లలు 25 చొప్పున 50, మొత్తం 330. వ్యాన్‌లోని పెట్టెలు 60. కొక్కెం, దాని ఇనుప అమరిక 25. అన్నీ కలిపితే 415. ఇక నొగ కోసం మిగిలింది 125 కిలోలే.

ట్రైలర్ 900 కిలోలన్నది ఖాళీ బరువు. 100 లీటర్ల నీరంటే 100 కిలోలు. పడకలు, పాత్రలు, గ్యాస్ సిలిండరు, బ్యాటరీ, తిండి సామాను 200 అనుకుంటే 1,200 అవుతుంది. నిలకడగా నడవాలంటే అందులో నూటికి 12 వంతులైనా నొగపై ఉంచుకోవాలనుకుందాం. అప్పుడు నొగ బరువు 144 కిలోలు. మిగిలిన చోటు 125. లాగే అంకె ప్రకారం ఇంకా 387 కిలోల వెసులుబాటు కనబడుతున్నా, మోసే అంకె ప్రకారం బండి అప్పటికే హద్దు దాటింది. తల్లి గుబులు నిజమైంది.

ఈ చిక్కుకు పరిష్కారం ఆమె ఉత్తరంలోనే ఉంది. నీళ్ల ట్యాంకు! దైవప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో వుజూ చేసుకునేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ముద్ అంటే లీటరులో సుమారు మూడింట రెండు వంతులు. నలుగురు పెద్దవాళ్లు రోజుకు ఐదు పూటలా వుజూ చేసుకున్నా 20 వుజూలు, 14 లీటర్ల లోపు నీరు. బిడ్డ ప్రేమతో నింపిన 100 లీటర్లు ఆరాధనకు అవసరమైనవి కావు. 20 లీటర్లతో బయలుదేరి, దిగిన చోట నింపుకోవచ్చు. బస చేసే శిబిరంలో నీరు దొరుకుతుందా లేదా అన్నది ముందే విచారించుకుంటే చాలు.

నీరు 80 కిలోలు తగ్గింది. ట్రైలర్‌లోని సామానులో 70 తగ్గించితే మొత్తం 1,050. వ్యాన్‌లోని పెట్టెలు 60 నుండి 40కి దిగితే నొగకు 145 కిలోల చోటు దొరుకుతుంది. 1,050లో నూటికి 12 వంతులంటే 126. ఇప్పుడు లెక్క సరిపోయింది. వెనుక ఇరుసుకు విడిగా మరో హద్దు ఉంటుంది, దానిని కూడా పట్టీపై చూసుకోవాలి. నొగ ఇరుసుకు వెనుకగా వ్రేలాడుతుంది కనుక దాని ప్రభావం వెనుక ఇరుసుపై అసలు బరువు కన్నా ఎక్కువగా పడుతుంది. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే. తమ బండి అసలు అంకెలను పట్టీపైన, దానితో వచ్చిన పుస్తకంలోను చూసి కుమారుడే వ్రాసుకోవాలి. క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ వంటి కొన్ని మినీవ్యాన్‌లతో ట్రైలర్ లాగనే కూడదని వాటి తయారీదారులే చెబుతున్నారు.

కాగితంపై లెక్క కుదిరినంత మాత్రాన సరిపోదు, కాటా వేయాలి. ఫ్యాక్టరీ దగ్గర చెరకు బండిని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి కాటా ఎక్కించి తేడా చూడటం ఆ తండ్రి ఏళ్ల తరబడి చేసిన పని. అమెరికాలో రహదారుల పక్కన లారీలు ఆగే చోట్ల అటువంటి కాటాలు ఉంటాయి, కొద్ది రుసుముతో ఎవరైనా తూయించుకోవచ్చు. అందరూ ఎక్కిన వ్యాన్‌కు ట్రైలర్ తగిలించి, వ్యాన్ చక్రాలు మాత్రమే కాటాపై ఉండగా ఒకసారి తూయాలి. ట్రైలర్ విప్పి వ్యాన్‌ను మళ్లీ తూయాలి. ఆ రెండింటి తేడాయే నొగ బరువు. తక్కువగా ఉంటే ట్రైలర్ లోపలి బరువైన సామానును ఇరుసుకు ముందు వైపుకు జరపాలి. ఏదైనా బరువైన వస్తువు నేలకు దగ్గరగా, కదలకుండా కట్టి ఉండాలి.

ఇక తగిలించే పని. వ్యాన్ వైపున్న ఇనుప గుండు కొలత, ట్రైలర్ వైపున్న గిన్నె కొలత ఒకటే కావాలి. రెండు అంగుళాల గిన్నెకు రెండు అంగుళాల గుండే. గుండు చిన్నదైతే చూడటానికి కూర్చున్నట్లే ఉంటుంది, గతుకులో ఎగిరి బయటపడుతుంది. గొళ్లెం వేసి, పిన్ను గుచ్చిన తరువాత నొగను పైకి ఎత్తి చూడాలి. ట్రైలర్ లేవకపోగా వ్యాన్ వెనుక భాగమే కదిలితే పట్టు సరిగా ఉన్నట్లు. రక్షణ గొలుసులు రెండింటిని నొగ క్రింద ఒకదానిపై ఒకటి అడ్డంగా దాటించి తగిలించాలి. కొక్కెం ఊడినా నొగ నేలను తాకకుండా ఆ గొలుసుల ఊయలలో నిలుస్తుంది. బ్రేకులు గల ట్రైలర్‌కు మరో సన్నని తీగ ఉంటుంది. బండ్లు విడిపోతే అది పిన్నును లాగి ట్రైలర్ బ్రేకులను దానంతటవే పట్టిస్తుంది. దానిని గొలుసుకు కాక వ్యాన్‌కు తగిలించాలి. దీపాలు వెలుగుతున్నాయా, టైర్లలో గాలి సరిగా ఉందా, టైర్లు పాతబడి పగుళ్లు వారాయా అన్నది ఒకరు చుట్టూ తిరిగి చూడాలి. చక్రం విప్పి బిగించిన తరువాత 80 కిలోమీటర్లు నడిపి నట్లను మరోసారి బిగించుకోవాలి.

రోడ్డెక్కిన తరువాత గుర్తుంచుకోవలసినవి కొన్నే. ట్రైలర్ లాగే వాహనం కాలిఫోర్నియాలో గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు మించి పోరాదు. ప్రక్కన కార్లు దూసుకుపోతున్నా ఇది మారదు. ముందు వాహనానికి ఎడం రెట్టింపు ఉంచాలి, ఎందుకంటే ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకులు చల్లార్చవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. పెద్ద లారీ దాటినప్పుడో అడ్డగాలి వీచినప్పుడో ట్రైలర్ ఊగితే, భయపడి వ్యాన్ బ్రేకు గట్టిగా తొక్కరాదు, వేగం పెంచరాదు, స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పరాదు. స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకొని యాక్సిలరేటర్ నుండి మెల్లగా కాలు తీయాలి. ట్రైలర్ బ్రేకును విడిగా పట్టే మీట ఉంటే దానిని మృదువుగా వాడాలి. ఊపు తగ్గిన తరువాత భద్రమైన చోట ఆపి సామానును తిరిగి సర్దుకోవాలి. ఒకసారి ఊగిన బండి ఏదో చెబుతున్నదని అర్థం.

కొండ దిగేటప్పుడు వాలు మొదలు కాకముందే తక్కువ గేరులోకి మారాలి. ఇంజను బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకును ఎడతెగకుండా తొక్కిపట్టితే అది కాలి పట్టు కోల్పోతుంది. కొద్దిసేపు తొక్కి వేగం తగ్గించి, వదిలి చల్లారనివ్వాలి. ఇది దేవరాపల్లి వారికి చెప్పవలసిన పని లేదు. అనంతగిరి ఘాట్ రోడ్డు వారికి దగ్గరే. 2021 ఫిబ్రవరిలో ఆ దారిలో డముకు వద్ద హైదరాబాద్ నుండి విహారయాత్రకు వచ్చిన వారి బస్సు లోయలో పడి నలుగురు మరణించిన వార్త ఆ ప్రాంతంలో ఎవరూ మరువలేదు. కొండదారి అంటే ఎక్కడైనా కొండదారే.

ప్రయాణం సాగుతుండగా ట్రైలర్‌లో ఎవరూ ఉండరాదు. పిల్లలకు నిద్ర వచ్చినా, పెద్దలకు నడుము నొప్పి పుట్టినా వ్యాన్ ఆపి దిగాలే తప్ప, వెనుక పడకలపై పడుకుందామనుకోరాదు. కాలిఫోర్నియా చట్టం దీనిని నిషేధించింది. ఇక్కడ మన సంగతి కూడా ఆలోచించుకోవాలి. సామాను కోసం చేసిన ట్రాక్టర్ ట్రైలర్లలో పెండ్లి వారిని, పసిబిడ్డలను ఎక్కించి తీసుకువెళ్లడం మన పల్లెల్లో ఇంకా మానలేదు. చాలా ట్రాక్టర్ ట్రైలర్లకు సొంత బ్రేకులుండవు, పట్టుకోవడానికి ఆధారముండదు, సీటు బెల్టు మాట అటుంచండి. చెరకు కోతల కాలంలో రాత్రివేళ వెనుక ఎర్రని రిఫ్లెక్టరు లేకుండా వెళ్లే ట్రైలరు, మసక వెలుతురులో ఎదురులేని గోడ వంటిది. దారిలోని ముల్లును, రాయిని తొలగించడం విశ్వాసంలో భాగమని మనకు నేర్పిన ధర్మం, దారిపై మనమే ఒక అపాయమై నడవడాన్ని ఎలా సమ్మతిస్తుంది?

హద్దు మించిన బరువు బండికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఒక అన్సారీ తోటలోకి దైవప్రవక్త (స) ప్రవేశించినప్పుడు అక్కడి ఒంటె ఆయనను చూసి కన్నీరు కార్చిందని, ఆయన దానిని నిమిరి ఓదార్చి, దాని యజమానిని పిలిచి, ఆకలితో ఉంచి అలసిపోయేలా పని చేయిస్తున్నావని అది ఫిర్యాదు చేస్తోందంటూ మందలించారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఇనుప బండికి కన్నీరు లేదు. కాని దానిలో కూర్చున్న పిల్లలు, ఎదురుగా వస్తున్న మరో కుటుంబం మన చేతిలోని అమానతు. అల్లాహ్ ఎవరిపైనా వారి శక్తికి మించిన భారం మోపడని అల్ బఖరా సూరా చివరి ఆయతు మనకు ఊరటనిస్తుంది. మనం మాత్రం మన చేతిలో ఉన్నదానిపై శక్తికి మించిన భారం మోపవచ్చా?

ఆ కుమారునికి మేము చెప్పదలచినది ఇంతే. తల్లిదండ్రులకు సుఖం కలిగించాలన్న నీ తపన ఎంతో మెచ్చదగినది. కాని నిండిన ట్యాంకు వారికి అక్కరలేదు. అందరూ క్షేమంగా ఇంటికి చేరడమే వారు కోరే సేవ. లెక్క ఎంత తగ్గించినా సరిపోకపోతే, ట్రైలర్‌ను ఇంటి దగ్గర వదిలి, వ్యాన్‌లోనే వెళ్లి కొండల్లో గది అద్దెకు తీసుకోవడానికి సిగ్గుపడవద్దు. కొన్న వస్తువును వాడి తీరాలన్న పంతం కన్నా కుటుంబం గొప్పది.

ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని నాయకునిగా ఎన్నుకోమన్న దైవప్రవక్త (స) ఉపదేశాన్ని ఈ ప్రయాణంలో ఆచరించండి. స్టీరింగ్ పట్టిన వాడే అమీర్. ఏది ఎక్కించాలి, ఎక్కడ ఆగాలి, చీకటి పడితే ముందుకు పోవాలా వద్దా అన్నది అతని మాటే. దారిలో ఆలస్యమైందని తొందరపెట్టవద్దు. ప్రయాణికునికి నమాజును కుదించుకునే సౌలభ్యాన్ని అల్లాహ్ అనుగ్రహించాడు. ప్రతి నమాజుకూ ఆగిన చోట అందరూ దిగి కాళ్లు సాచుకోవచ్చు, నడిపేవాడు సేద తీరవచ్చు.

ఆ ఆగిన ప్రతిసారీ ఒక పని తండ్రికి అప్పగించండి. చెరకు తోలిన ఆ చేతులు గొలుసులను, గొళ్లెాన్ని, టైర్లను తడిమి చూస్తాయి. చక్రం మధ్యభాగం చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడ బ్రేకో బేరింగో పట్టేస్తున్నదని ఆయనకు ఒకరు చెప్పనవసరం లేదు. ఆయన సరేనన్న తరువాత అందరూ ఎక్కి, బెల్టులు పెట్టుకొని, అజ్ జుఖ్‌రుఫ్ సూరాలో మనకు నేర్పబడిన ప్రయాణ దుఆ చదవండి. ఈ వాహనం మన బలంతో మనకు లొంగింది కాదని, మన అసలు ప్రయాణం ఆ ప్రభువు వైపుకేనని ఆ దుఆ గుర్తుచేస్తుంది.

సోదరీ! మీ గుబులును దాచుకోక వ్రాసినందుకు అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక. ఈ పేజీని ఫోటో తీసి మీ అబ్బాయికి పంపండి. తలుపు దగ్గరి పట్టీపై ఉన్న అంకెను చదివి మీకు చెప్పమనండి. ఆ అంకె క్రింద మీరిద్దరూ మనుషులను, సామానును, నొగను ఒక్కొక్కటిగా వ్రాసి కూడండి. లెక్క సరిపోయిన రోజున నిశ్చింతగా అల్లాహ్‌పై భారం వేయండి.

ఆయన మీ ప్రయాణాన్ని, ప్రయాణిస్తున్న ప్రతి కుటుంబాన్ని క్షేమంగా గమ్యం చేర్చుగాక! ఆమీన్.